నా ల్యాప్‌టాప్‌లో పాస్, రాత్రి రన్‌లో ఫెయిల్: జీడీబీ టెస్టుకి రాసుకున్న హెల్పర్‌లో తప్పెక్కడ?

హిందూపురం పిల్ల

అందరికీ నమస్కారం. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక చిప్ కంపెనీలో టూల్‌చెయిన్ టీములో 3 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మా ప్రాసెసర్‌కి జీడీబీ పోర్టు ఉంది, అంటే ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి లోపల చూసే ఆ డీబగ్గర్‌ని మా చిప్‌కి సరిపడేలా మార్చుకున్నది. దానికి టెస్టులు రాసే పని 6 నెలల కిందట నా నెత్తిన పడింది. అప్పటిదాకా టీసీఎల్ అనే భాష ఒకటుందని కూడా నాకు తెలీదు. పైన టెస్టులు నడిపే డెజాగ్ను, దాని కింద ప్రోగ్రామ్‌తో మాట్లాడి జవాబు కోసం కాసే ఎక్స్‌పెక్ట్, ఇంకా కింద టీసీఎల్. ఒక్కో పొర ఒలిచేకొద్దీ కళ్ళనీళ్ళే. మొదటివారం ప్యాటర్న్‌ని (రావాల్సిన జవాబు అచ్చుని) డబుల్ కోట్స్‌లో పెట్టి లోపల స్క్వేర్ బ్రాకెట్లు రాస్తే, "0-9 అనే కమాండ్ లేదు" అని తిట్టింది. అది కమాండ్ అని నేనెప్పుడన్నాను?

సరే, అసలు గొడవ ఇది. నా టెస్టుల్లో ఒకే తంతు పదేపదే వస్తుంది. ఫలానా ఫంక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టు, కంటిన్యూ కొట్టు, ఆగాక ఫలానా వేరియబుల్‌ని ప్రింట్ చేసి విలువ సరిచూడు. 14 ఫైళ్ళలో ఇదే అతికించీ అతికించీ విసుగొచ్చి ఒక ప్రాసీజర్ రాసుకున్నా. పేరు ఆగి_చూడు. నవ్వకండి, మంచి ఇంగ్లీషు పేర్లన్నీ ఎవరో ఒకరు వాడేశారు. లోపల మూడు కమాండ్లకీ ఒకటే పద్ధతి: సెండ్_జీడీబీతో పంపడం, జీడీబీ_ఎక్స్‌పెక్ట్‌తో జవాబు కోసం కాయడం, అనుకున్నది వస్తే పాస్. అది రాకుండా ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్‌కి సిద్ధమని జీడీబీ చూపే గుర్తు) వచ్చేస్తే ఫెయిల్.

నా ల్యాప్‌టాప్‌లో 50 సార్లు నడిపినా 50 సార్లూ పాస్. రాత్రి బిల్డ్ మెషీన్‌లో మాత్రం పదింట ఒకసారి ఫెయిల్, అదీ రోజుకో ఫైల్లో. పొద్దున 6 గంటలకి మెయిల్ వస్తుంది. మారతహళ్ళి నుంచి 500డి బస్సులో నిలబడి ఫోన్లో లాగ్ చదవడం నాకు రోజువారీ పూజ అయిపోయింది.

లాగ్‌లో వింత ఏమిటంటే, "ప్రింట్ కౌంట్" దగ్గర ఫెయిల్ అని ఉంటుంది, రెండు లైన్ల కిందే $1 = 5 అని సరైన జవాబూ ఉంటుంది! జవాబు వచ్చేలోపే నా టెస్టు ఫెయిల్ రాసేసి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి అన్నీ ఒక మెట్టు వెనకబడి నడుస్తాయి, ఈ ప్రశ్నకి ముందటి ప్రశ్న జవాబు.

టైమ్ఔట్ 10 సెకన్ల నుంచి 60కి పెంచి చూశా, మార్పు లేదు. స్లీప్ 1 పెడితే తగ్గింది గానీ పోలేదు. రివ్యూలో మా లీడ్ ఆ స్లీప్ చూసి ఏమీ అనలేదు, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు. తిట్టినా బాగుండేది.

పాత మేస్త్రి

అమ్మాయ్, ఒక్కటే అడుగుతా. కంటిన్యూ తర్వాత నువ్వు రాసిన ప్యాటర్న్ ఎలా ముగుస్తుంది? ఉన్నదున్నట్టు చెప్పు.

హిందూపురం పిల్ల

బ్రేక్‌పాయింట్ అనే మాట, ఒక అంకె, కామా, చివర డాట్ స్టార్, అంటే ఆ తర్వాత ఏదున్నా సరే. అంతే అన్నా.

పాత మేస్త్రి

అనుకున్నా. 2009లో చెన్నైలో ఉన్నప్పుడు ఇదే తప్పుకి నావి మూడు వారాలు పోయాయి, అందుకే వాసన పట్టగలిగా.

ఎక్స్‌పెక్ట్ లైన్ల లెక్కన చదవదు. టెర్మినల్ అవతల నుంచి ఎంత వస్తే అంత బఫర్లో వేసుకుంటుంది, ప్యాటర్న్ కుదిరిందా అని చూస్తుంది, కుదిరితే కుదిరినంత మేరా తీసి పారేస్తుంది. మిగిలింది బఫర్లోనే పడి ఉంటుంది. నీ ల్యాప్‌టాప్‌లో పనిలేక కూర్చున్న జీడీబీ "బ్రేక్‌పాయింట్ 2," దగ్గర నుంచి ప్రాంప్ట్ దాకా మొత్తం ఒక్క గుక్కలో పంపుతుంది. నీ డాట్ స్టార్ ఆ ప్రాంప్ట్‌ని కూడా మింగేస్తుంది. పాస్. అది నీ గొప్ప కాదు, అదృష్టం.

రాత్రి మెషీన్ మీద ఇంకో నలభై పనులు నడుస్తుంటాయి. అక్కడ అదే జవాబు రెండు ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్కకే నీ ప్యాటర్న్ కుదిరిపోయింది, ప్రాంప్ట్ రెండో ముక్కలో వచ్చి దిక్కులేకుండా పడుంది. నువ్వు ప్రింట్ పంపావు. దాని జవాబు కంటే ముందు ఆ పాత ప్రాంప్ట్ కనబడింది, "అనుకున్నది రాకుండా ప్రాంప్ట్ వచ్చేసింది" అని ఫెయిల్ కొట్టావు. దర్శిని హోటల్లో ఇడ్లీ తీసుకుని చట్నీ గిన్నె కౌంటర్ మీదే వదిలేసిపోతే, వడ కోసం చెయ్యి చాపిన వెనకవాడి చేతికి నీ చట్నీ తగిలినట్టు. అందుకే టైమ్ఔట్ పెంచినా లాభం లేదు, అక్కడ ఎవరూ ఆలస్యం చేయలేదు. స్లీప్ పెడితే తగ్గిందంటే, ఆ సెకనులో ముక్కలు రెండూ చేరిపోయే రాత్రులు ఎక్కువయ్యాయి, అంతే.

నమ్మకం కుదరాలంటే జీడీబీ బిల్డ్ డైరెక్టరీలో మేక్ చెక్-రీడ్1 కొట్టు. అది ఎక్స్‌పెక్ట్ కింద ఒక చిన్న లైబ్రరీని ముందే ఎక్కించి, రీడ్ పిలిచినప్పుడల్లా ఒక్క బైట్ మాత్రమే చేతికిచ్చేలా చేస్తుంది. నా కాలంలో ఇది లేదు. చాలా నెమ్మది, మొత్తం సూట్ మీద వేస్తే తెల్లారిపోతుంది, నీ ఫైలొక్కటి చూపించి నడుపు. పదింట ఒకసారి వచ్చేది ప్రతిసారీ వస్తుంది.

మందు కూడా చెప్తా. సెండ్_జీడీబీ, జీడీబీ_ఎక్స్‌పెక్ట్ జంటని నీ ప్రాసీజర్లోంచి పీకెయ్. మామూలు ప్రశ్న-జవాబుకి జీడీబీ_టెస్ట్ చాలు. నువ్విచ్చిన ప్యాటర్న్ తర్వాత కొత్త లైను, ప్రాంప్ట్ తనే అతికించుకుంటుంది. రెండు మూడు రకాల జవాబులు రావొచ్చంటే జీడీబీ_టెస్ట్_మల్టిపుల్ వాడు, కానీ అందులో ప్రాంప్ట్ నువ్వే రాయాలి, లేదా ప్యాటర్న్ ముందు ర్యాప్ అనే ఆప్షన్ పెట్టాలి. టైమ్ఔట్, జీడీబీ చచ్చిపోవడం, మధ్యలో "అవునా కాదా" అని అడగడం, ఇవన్నీ అదే చూసుకుంటుంది. నువ్వు చేత్తో రాసిన దాంట్లో వీటిలో ఒక్కటీ లేదని పందెం. పైగా విలువ 5 రావాలని రాసి ప్యాటర్న్ అక్కడే ఆపితే, 57 వచ్చినా నీకు పాసే.

ఇంకోటి. బ్రేక్‌పాయింట్ పెట్టడానికి జీడీబీ_బ్రేక్‌పాయింట్, అక్కడిదాకా పోవడానికి జీడీబీ_కంటిన్యూ_టు_బ్రేక్‌పాయింట్ లైబ్రరీలో ఎప్పట్నుంచో ఉన్నాయి. కొత్తది రాసేముందు లిబ్ కింద జీడీబీ.ఎక్స్‌ప్ ఫైలు ఒక ఆదివారం కూర్చుని పైనుంచి కిందకి చదువు. జీడీబీ_బ్రేక్‌పాయింట్ ఎలా ప్రవర్తిస్తుందో గమనించు. పనైతే నోరెత్తదు, చెడితేనే ఫెయిల్ రాస్తుంది. హెల్పర్ అన్నాక అలా ఉండాలి. దారిలో ప్రతి గుంటకీ పాస్ పాస్ అంటే ఫలితాల జాబితా ఉండే సమ్ ఫైలు ఉబ్బుతుంది తప్ప పరీక్షించింది పెరగదు.

కోరమంగళ కుర్రాడు

అక్కా, ఈ కాలంలో కూడా టీసీఎల్‌తో కుస్తీ ఏంటి? ఎల్ఎల్‌డీబీ అనే ఇంకో డీబగ్గర్ వైపు వచ్చేయ్. టెస్టులు పైథాన్‌లో. సోర్సులో ఒక కామెంట్ పెట్టి రన్_టు_సోర్స్_బ్రేక్‌పాయింట్‌కి అదే మాట ఇస్తే టార్గెట్, ప్రాసెస్, థ్రెడ్, బ్రేక్‌పాయింట్ నాలుగూ ఆబ్జెక్టులుగా చేతిలో పెడుతుంది. ప్రాంప్ట్ ఎవరు మింగారు అనే పంచాయితీయే ఉండదు.

హిందూపురం పిల్ల

తమ్ముడూ, మా పోర్టు జీడీబీకి. రేపు స్టాండప్‌లో లేచి "ఎల్ఎల్‌డీబీకి మారదాం" అని నువ్వొచ్చి చెప్పు, ఫిల్టర్ కాఫీ నేను పోయిస్తా. కానీ కామెంట్ సంగతి బాగుంది. నేను లైన్ నంబర్లు నేరుగా రాసిపెట్టాను, మొన్న ఎవరో సోర్సు పైన లైసెన్స్ పేరా చేరిస్తే అన్నీ కిందకి జరిగిపోయాయి.

పాత మేస్త్రి

దానికి జీడీబీ_గెట్_లైన్_నంబర్ ఉంది. సోర్సులో "ఇక్కడ ఆగాలి" అని కామెంట్ పెట్టి ఆ మాటే ఇస్తే లైన్ నంబరు వెతికిస్తుంది. ఆదివారం అన్నాగా.

డాకర్ బాధితుడు

మేస్త్రి గారు అసలు రోగం పట్టుకున్నారు. నావి రెండు చిల్లర సంగతులు, రెండూ మా ఆఫీసులో తగిలినవే.

మీ రాత్రి రన్ డాకర్ కంటెయినర్లో నడుస్తుంటే ఒకసారి లాగ్ పైభాగం చూడండి. జీడీబీ మామూలుగా ప్రోగ్రామ్ అడ్రసులు కదలకుండా ఆ రాండమైజేషన్ ఆపి నడుపుతుంది. డాకర్ మామూలు సెక్యూరిటీ సెట్టింగు ఆ సిస్టమ్ కాల్‌ని ఒప్పుకోదు, అప్పుడు జీడీబీ "ఆపలేకపోయాను" అని ఒక హెచ్చరిక లైను విసురుతుంది. రన్ కొట్టిన వెంటనే ఫలానా మాటే రావాలని కూర్చునే హెల్పర్‌కి ఆ అదనపు లైను చాలు.

రెండోది పేర్లు. ఆగి_చూడుని ఒకే ఫైల్లో ఐదుసార్లు పిలిస్తే ఐదు ఫలితాలకీ ఒకే పేరు వస్తుంది. సమ్ ఫైలు చివర డూప్లికేట్ పేర్ల లెక్క ఇస్తుంది, ఎవరూ చూడరు. నిన్నటి రన్‌తో ఇవాళ్టిది పోల్చేటప్పుడు ఏ ఫెయిల్ ఏదో తేలక తల గోక్కుంటాం. విత్_టెస్ట్_ప్రిఫిక్స్‌లో పిలుపుని చుట్టి, ఫంక్షన్ పేరు ముందు తగిలించండి. ఫైలు పూర్తి పాత్ మాత్రం పేర్లోకి రానివ్వకండి, నా డైరెక్టరీ వేరు, మీది వేరు.

హిందూపురం పిల్ల

వారం తర్వాత వస్తున్నా.

రీడ్1 కొట్టిన మొదటిసారే, 14 ఫైళ్ళలో 14 ఎర్రగా వచ్చాయి. జీవితంలో ఫెయిల్ చూసి అంత సంతోషపడింది ఇదే. ఆదివారం జీడీబీ.ఎక్స్‌ప్ తెరిచా. పూర్తిగా చదివానని అబద్ధం చెప్పను, ఆంధ్రా మెస్ భోజనం తర్వాత కళ్ళు నిలవలేదు. కానీ ఆగి_చూడు 40 లైన్ల నుంచి 9 లైన్లకి వచ్చింది. లైబ్రరీవి రెండు పిలుపులు, చివర ఒక జీడీబీ_టెస్ట్. స్లీప్ పీకేశా. నాలుగు రాత్రులుగా ఒక్క దొంగ ఫెయిల్ లేదు. కంటెయినర్ హెచ్చరిక మా లాగ్‌లోనూ ఉంది, కానీ నా టెస్టులకి అది అడ్డం రాలేదు. పేర్లకి ప్రిఫిక్స్ పెట్టేశా.

అయితే చదువుతుంటే ఇంకో ఘనకార్యం బయటపడింది, అది నాదే. ప్రోగ్రామ్‌ని మెయిన్ దాకా నడిపే రన్‌టు_మెయిన్, ఇంకా జీడీబీ_బ్రేక్‌పాయింట్ పనైతే 1 ఇస్తాయి. జీడీబీ_టెస్ట్ పాసైతే 0 ఇస్తుంది. ఒకే ఇంట్లో రెండు ఆచారాలు! నా పాత ఆగి_చూడు కూడా జీడీబీ_టెస్ట్‌ని చూసే పాసైతే 0 ఇచ్చేది. రెండు ఫైళ్ళలో రన్‌టు_మెయిన్ పైనుండే "కాకపోతే వెనక్కి పో" లైనుని కాపీకొట్టి దీనికీ తగిలించా. అంటే ఆ ఫైళ్ళలో ఆగి_చూడు పాసైతే టెస్టు అక్కడితో ముగిసి ఇంటికెళ్ళిపోయేది, ఫెయిలైతే బుద్ధిగా ముందుకి సాగేది. ఫైల్లో మిగతా సగం, ఆగి_చూడు ఫెయిలైన రాత్రుల్లోనే నడిచేది, ఆ రాత్రుల్లో ఎలాగూ కిందంతా ఎరుపే కాబట్టి ఎవరూ విడిగా చూడలేదు. ఇప్పుడు 1 అంటే మంచిదని మార్చి, ప్రాసీజర్ నెత్తిన ఆ మాటే కామెంట్‌గా రాసిపెట్టా.

పాత మేస్త్రి

ఆ మిగతా సగం ఇప్పుడు ఏమంటోంది మరి?

హిందూపురం పిల్ల

ఒకటి బాగానే ఉంది. రెండోదాంట్లో "అప్" కొట్టి పిలిచిన ఫంక్షన్‌లోకి వెళ్ళి లోకల్ వేరియబుల్ అడిగితే 12 రావాల్సిన చోట చెత్త అంకె వస్తోంది. రీడ్1 లేకుండా, నా ల్యాప్‌టాప్‌లో, ప్రతిసారీ. పిలవబడ్డ ఫంక్షన్ దాచిన రిజిస్టర్‌ని మా అన్‌వైండర్ (పిలిచిన ఫంక్షన్ స్థితిని తిరిగి కట్టే భాగం) తప్పు చోట వెతుకుతోంది. ఇది నిజం బగ్, 5 నెలలుగా అక్కడే కూర్చుంది. బగ్ నంబరు తీసి కేఫెయిల్ (తెలిసిన బగ్ వల్ల ఫెయిల్) కింద పెట్టా. లీడ్ ఆగి_చూడు అంటే అర్థం ఏంటని అడిగాడు, చెప్పా. పేరు మార్చమనలేదు. అన్‌వైండర్ రాసినతను నా పక్క సీటే, మొన్నటి నుంచి టీకి పిలవట్లేదు.