ప్లాన్ లేకుండా కారేసుకుని యూరప్ తిరగడం: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ పోతుంది?

నల్లకలువ
మేమిద్దరం మ్యూనిక్‌లో ఉంటున్నాం. సెప్టెంబరులో ఇద్దరికీ ఒకేసారి రెండు వారాల సెలవు కుదిరింది. మా ఆయనేమో "కారు అద్దెకు తీసుకుందాం, ఆస్ట్రియా దాటాక వాతావరణం ఎటు బాగుంటే అటు పోదాం" అంటున్నాడు. హోటల్ బుకింగ్ లేకుండా బయల్దేరడమంటే నాకు టెన్షన్. కారు అద్దె కాకుండా, ఇద్దరికీ కలిపి రోజుకు 120 యూరోలు దాటకూడదు. ఇటలీ, స్లొవేనియా వైపు మనసు లాగుతోంది. అయ్యే పనేనా?

మైలురాయి
అవుతుందండీ. కాకపోతే ప్లాన్ లేకపోవడం రూటుకే పరిమితం కావాలి, కారుకు కాదు. కారు ఎక్కడ తీసుకున్నారో అక్కడే తిరిగి ఇచ్చేలా చుట్టు తిరిగి రండి. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలితే వేసే వన్-వే ఛార్జీ ఒక్కోసారి మొత్తం అద్దెనే మించిపోతుంది. ఏయే దేశాలు వెళ్లే అవకాశం ఉందో కౌంటర్‌లో ముందే చెప్పి కాగితం మీద రాయించుకోండి. "ఏమో, క్రొయేషియా కూడా వెళ్తామేమో" అనిపిస్తే అదీ చెప్పండి. చెప్పకుండా సరిహద్దు దాటితే ఇన్సూరెన్స్ చెల్లకపోవచ్చు. డిపాజిట్‌కు డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, చాలాచోట్ల డెబిట్ కార్డు ఒప్పుకోరు. ఇద్దరూ నడిపేట్లయితే రెండో డ్రైవర్‌కు రోజువారీ ఛార్జీ ఎంతో చూసుకోండి, కొన్ని ప్యాకేజీల్లో ఉచితం.

సంచారి_62
అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. మీ దగ్గరున్నది జర్మన్ లైసెన్సేనా? యూరప్ బయటి నుంచి తెచ్చుకున్న లైసెన్స్‌తో, జర్మనీలో నివాసం మొదలైన 6 నెలల తర్వాత కారు నడపకూడదు. చేతిలో ఇంటర్నేషనల్ పర్మిట్ ఉన్నా సరే. "కౌంటర్‌లో కారు ఇచ్చేశారుగా" అంటే పోలీసు వినడు.

నల్లకలువ
ఇద్దరికీ జర్మన్ లైసెన్స్ వచ్చేసిందండీ. ఆ పరీక్షల గోల వేరే కథ.

ఆల్టోరాణి
ఇక విన్యెట్ సంగతి, అంటే హైవే వాడుకోవడానికి ముందే కట్టే రుసుము. ఆస్ట్రియా హైవే ఎక్కాలంటే కావాలి. డిజిటల్‌ది నంబర్ ప్లేటుకు ముడిపడి ఉంటుంది కాబట్టి అద్దె కారు చేతికొచ్చాకే కొనండి. సరిహద్దుకు ముందు పెట్రోల్ బంకులోనైనా తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే అస్‌ఫినాగ్ (ఆస్ట్రియా హైవేలు నడిపే సంస్థ) సొంత సైట్లోనే కొనండి, వెతికితే పైన కనిపించే కొన్ని సైట్లు కమీషన్ కలిపి అమ్ముతాయి. స్లొవేనియాకు వేరే విన్యెట్, అది పూర్తిగా డిజిటల్. స్విట్జర్లాండ్‌లో ఏడాదిదొక్కటే దొరుకుతుంది, 40 ఫ్రాంకులు. ఒక్క రోజు దాటడానికి అంత దండగ అనిపిస్తే హైవే ఎక్కకుండా పోవచ్చు. అక్కడ హైవే బోర్డులు ఆకుపచ్చవి, మామూలు రోడ్లవి నీలం. జర్మనీలో హైవేవే నీలం కాబట్టి అలవాటులో కన్ను మోసపోతుంది, జాగ్రత్త.

విన్యెట్ ఉన్నా కొన్నిచోట్ల విడిగా టోల్ కట్టాలి: ఇటలీకి దిగే బ్రెన్నర్, సాల్జ్‌బర్గ్ నుంచి దక్షిణంగా వెళ్లే ఏ10 హైవే మీద టౌయెర్న్ సొరంగం, స్లొవేనియాకు దాటే కరవాంకెన్ సొరంగం.

పెట్రోల్‌బొట్టు
ఆ చివరి సొరంగం, స్లొవేనియా విన్యెట్ రెండూ ఎగ్గొట్టే దారి ఒకటుంది, అదీ చట్టబద్ధంగా! ఆస్ట్రియాలోనే ఫిలాఖ్ ఊరి దగ్గర హైవే దిగి వుర్త్సెన్ పాస్ ఎక్కండి. చాలా నిటారు ఘాట్, రెండో గేర్‌లో ఓపిగ్గా పోవాలి. అవతల దిగితే స్లొవేనియాలోని క్రాన్‌స్కా గోరా ఊరు. అక్కడినుంచి వర్షిచ్ పాస్, 1,611 మీటర్ల ఎత్తు, 50 హెయిర్‌పిన్ మలుపులు. క్రాన్‌స్కా గోరా వైపు మలుపుల్లో ఇంకా రాళ్లు పరిచిన రోడ్డే ఉంటుంది, ఒక్కో మలుపుకూ నంబర్ బోర్డు. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్ ఖైదీలతో వేయించారు ఆ రోడ్డుని. 1916లో మంచుచరియ కింద పడి చాలామంది చనిపోయారు, వాళ్ల జ్ఞాపకంగా దారి పక్కన చిన్న చెక్క చర్చి ఉంది. పైకెక్కి దిగితే సోచా నది. ఆ నీళ్ల రంగు ఫొటోలో చూసి ఫిల్టర్ అనుకుంటారు గానీ కాదు. బోవెత్స్, కొబారిడ్, టోల్మిన్ మీదుగా ఇటలీలోకి జారుకుంటే స్లొవేనియాలో ఒక్క కిలోమీటరు కూడా హైవే ఎక్కరు.

మైలురాయి
రూటు అద్భుతం, ఒప్పుకుంటా. కానీ "టోల్ తప్పించుకుందాం" అన్నదాన్ని అన్నిచోట్లా పట్టుకోవద్దు. ఉత్తర ఇటలీ మైదానంలో హైవే వదిలి మామూలు రోడ్డెక్కితే అడుగడుగునా రౌండబౌటే, ముందు లారీ, 50 స్పీడ్ లిమిట్. పది యూరోలు మిగిల్చి సగం రోజు పోగొట్టుకోవడమే. కొండల్లో చిన్న రోడ్డు, మైదానంలో హైవే, నేనైతే ఇంతే.

పెట్రోల్‌బొట్టు
మైదానం మీకు వదిలేశా. ఫ్రాన్స్ మాట వేరు. బ్రిటనీలో హైవేలకు టోలే లేదు, ఏ75 కూడా మియో వంతెన దగ్గర తప్ప ఉచితమే. అన్నట్టు, ఆస్ట్రియాలో బంకులు ధర పెంచాలంటే మధ్యాహ్నం 12 గంటలకే. తగ్గించడం ఎప్పుడైనా తగ్గించొచ్చు. అందుకని పదకొండున్నరకి ట్యాంక్ నింపేయండి. హైవే మీది బంకు మాత్రం వద్దు, దిగి ఊళ్లోకి రెండు కిలోమీటర్లు పోతే తేడా తెలుస్తుంది. ఇటలీలో ఒకే బంకులో రెండు ధరలుంటాయి: "సెల్ఫ్" అంటే మీరే పోసుకోవాలి, "సెర్వితో" అంటే మనిషి వచ్చి పోస్తాడు, లీటరుకు బాగానే ఎక్కువ. సెర్వితో అని రాసున్న పంపు ముందు కారు ఆపారో, మీరు దిగేలోపే ఆయన పైపు పట్టుకుని నిలబడతాడు.

గూటిపక్షి
బస గురించి ఎవరూ చెప్పలేదే! మేం ఇద్దరం ఎక్కువగా ఇలాగే తిరుగుతాం, రాత్రి ఎక్కడో పొద్దున తెలియదు. మా పద్ధతి ఇది: మధ్యాహ్నం భోజనం దగ్గర ఫోన్ తీసి, ఇంకో గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊరు చూసి అప్పుడే బుక్ చేస్తాం. సాయంత్రం ఆరు దాకా ఆగితే ఖరీదైనవే మిగులుతాయి, పైగా ఆకలి మీద ఇద్దరికీ గొడవ. పెద్ద నగరంలో రాత్రి బస అస్సలు వద్దు, గది ధర, పార్కింగ్ రెండూ వాయిస్తాయి. ఆస్ట్రియా పల్లెల్లో ఇళ్ల ముందు "త్సిమ్మర్ ఫ్రై" బోర్డు ఉంటే గది ఖాళీ ఉన్నట్టు, స్లొవేనియాలో "సోబె" అని ఉంటుంది. తలుపు తట్టి అడగండి. చాలావాటిలో పొద్దున టిఫిన్ కలిపే ఇస్తారు. కొందరు క్యాష్ మాత్రమే తీసుకుంటారు, తలకింత ఊరి పన్ను కూడా విడిగా అడుగుతారు, కాబట్టి చిల్లర దగ్గరుంచుకోండి.

శనివారం రాత్రి ఒక్కటి మాత్రం ముందే బుక్ చేసుకోండి. ఇటలీలోని డోలమైట్స్ కొండల వైపు సెప్టెంబరు శనివారాలు ఖాళీ దొరకదు.

సంచారి_62
కార్లో పడుకుందామా అని ఎవరో ఒకరు అడుగుతారు, నేనే చెప్పేస్తా. జర్మనీలో అలసట తీర్చుకోవడానికి పార్కింగ్‌లో ఒక రాత్రి పడుకోవచ్చు. స్లొవేనియా, క్రొయేషియాల్లో క్యాంపింగ్ సైట్ బయట దొరికితే జరిమానా.

నల్లకలువ
కారులో నిద్ర నా వల్ల కాదు లెండి. ఇటలీ నగరాల్లో కెమెరాలు పెట్టి జరిమానా వేస్తారట, అది నిజమేనా?

ఆల్టోరాణి
నిజమే. జెడ్‌టీఎల్ అంటారు, పాత ఊళ్లలోకి అనుమతి లేని కార్లు రాకుండా. తెల్ల గుండ్రం చుట్టూ ఎర్ర అంచున్న బోర్డు, పక్కనే కెమెరా. ఎవరూ ఆపరు. నెలల తర్వాత నోటీసు కారు కంపెనీకి వెళ్తుంది, వాళ్లు మీ వివరాలిచ్చినందుకు ముందు తమ ఫీజు లాగుతారు, తర్వాత అసలు జరిమానా ఇంటికొస్తుంది. మా కొలీగ్ ఒకాయన ఒకే సాయంత్రం హోటల్ కోసం చుట్టూ తిరిగి, తిరిగిన ప్రతిసారికీ ఒక నోటీసు అందుకున్నాడు. కాబట్టి కోట గోడ బయటే ఆపి నడవండి. తెల్ల గీతల మధ్య ఉచితం, నీలం గీతలైతే డబ్బు కట్టాలి, పసుపు మనకు కాదు. వెనిస్ చూడాలంటే పక్కనే ఉన్న మెస్త్రేలో కారు పెట్టి రైలెక్కండి, పది నిమిషాల ప్రయాణం.

గూటిపక్షి
తిండి: ఒక పూట సూపర్‌మార్కెట్, ఒక పూట హోటల్. ఆస్ట్రియాలో, స్లొవేనియాలో ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే బ్రెడ్, చీజ్, టమాటాలు, పళ్లు కొని పెట్టుకోండి. ఇటలీలో కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగండి, కూర్చుంటే ధర మారుతుంది. హోటల్ బిల్లులో "కొపెర్తో" (కూర్చుని తిన్నందుకు వేసే ఛార్జీ) అని తలకు ఒకటి రెండు యూరోలు కనిపిస్తే మోసం కాదు, అక్కడి పద్ధతే. నా లెక్క ప్రకారం గదికి 70, పెట్రోలుకు 20, తిండికి 30. బిగుతే, కానీ స్లొవేనియాలో మిగిలింది ఇటలీలో సర్దుకుంటుంది.

నల్లకలువ
అందరికీ చాలా థాంక్స్. మా ఆయనకు థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. వర్షిచ్ ఖాయం, విన్యెట్ ఆస్ట్రియాకొక్కటే, శనివారాలు ముందే బుకింగ్. ఆఖరి ప్రశ్న: వెళ్లే రోజు వాన పడితే వర్షిచ్ ఎక్కొచ్చా?

పెట్రోల్‌బొట్టు
చిన్న వానైతే ఎక్కొచ్చు, తడి రాళ్ల మీద మలుపుల్లో నెమ్మది. మబ్బు కిందికి దిగితే పైన ఏమీ కనిపించదు, అప్పుడు క్రాన్‌స్కా గోరాలోనే గది చూసుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరండి, బైకులవాళ్లు లేవకముందే. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ పట్టుకెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు జర్మనీ సరిహద్దులో చెకింగ్ ఉంటోంది.

మైలురాయి
కారు తీసుకోగానే చుట్టూ వీడియో తీయండి, చక్రాల అంచులు, అద్దం, కింది బంపర్‌తో సహా. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా మళ్లీ.