ఒహాయో పాత వేజ్‌లు, పళ్ళేలు: మొదటిది కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న (కొలంబస్ నుంచి)
నమస్తే అండీ. ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. యాంటిక్ మాల్స్‌లో రూక్‌వుడ్, రోజ్‌విల్, ఫియస్టా అనే మట్టిపాత్రల బ్రాండ్ల చీటీ కట్టిన వేజ్‌లు, పళ్ళేలు కనిపిస్తున్నాయి. అసలువో కావో ఎలా తెలుస్తుంది? వాటిలో వడ్డించుకోవచ్చా?

జవాబు 1
ముందు తిరగేసి అడుగు చూడండమ్మా. 1880లో సిన్సినాటిలో మొదలైన రూక్‌వుడ్ అయితే అడుగే దాని జాతకం. ఆర్, పి అక్షరాలు కలిపిన గుర్తు 1886లో వచ్చింది. 1887 నుంచి దాని చుట్టూ ఏటా ఒక చిన్న మంట బొమ్మ చేర్చుకుంటూ పోయారు, 1900 నాటికి 14 అయ్యాయి. 1901 నుంచి మంటలు అవే, కింద రోమన్ అంకె మారుతుంది. అది 21 (XXI) అయితే వస్తువు 1921 నాటిది. చిత్రకారుల పొడి అక్షరాలు గీసి ఉంటే చేత్తో చిత్రించినదని అర్థం. అవి లేనివి ఎక్కువగా అచ్చులో పోసినవి, ధర బాగా తక్కువ ఉండాలి. గుర్తు మీదుగా అరగదీసిన ఇంటూ గుర్తు కనిపిస్తే, లోపం ఉందని కంపెనీయే పక్కన పెట్టిన సరుకు.

తర్వాత అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో తట్టండి. మనం కుండ మోగించి కొన్నట్టే. ఖంగుమనకుండా బొంగురుగా పలికితే ఎక్కడో పగులుందని అనుమానించాలి. అంచు చుట్టూ గోరు నడిపితే ఊడిన పెచ్చు తగులుతుంది. రంగేసి కప్పిన మరమ్మతు కంటికి దొరకదు. చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే చాలాసార్లు ఆ చోటు మిగతా గ్లేజు (మట్టి మీద కాల్చిన గాజులాంటి పూత) కన్నా వేరుగా మెరుస్తుంది.

గ్లేజు మీద వలలా కనిపించే సన్నగీతలు చూసి భయపడకండి. మట్టి ఏళ్ల తరబడి తేమ పీల్చి కొంచెం ఉబ్బుతుంది, గ్లేజు సాగలేక చిట్లుతుంది. పాత సరుకులో అది మామూలే. అంచు దగ్గర మొదలై లోపలా బయటా ఒకేచోట కనిపించే ఒంటిగీత మాత్రం అసలు పగులు. దానికి సగం ధర కూడా ఎక్కువే అంటాను.

జవాబు 2
రోజ్‌విల్ విషయంలో జాగ్రత్త. ఒహాయోలోని జేన్స్‌విల్‌లో ఉన్న దాని ఫ్యాక్టరీ 1954లో మూతపడింది, చైనా నకళ్ళు తర్వాత బాగా వచ్చాయి. ఉబ్బెత్తు అక్షరాల అసలు గుర్తులో పేరు, కింద యూఎస్ఏ, ఆకారం నంబరు, గీత పెట్టి అంగుళాల కొలత ఉంటాయి. నకళ్ళలో చాలావాటికి యూఎస్ఏ ఉండదు, వేజ్ మీద పోతపోసిన పూల రేకుల అంచులు మొద్దుగా ఉంటాయి. అయితే ఇంకా పాత అసలు వాటిలో కొన్నిటికి కాగితం చీటీ తప్ప గుర్తే లేదు. కాబట్టి గుర్తు లేదని వెంటనే తీసిపారేయకండి, పోతపని చూడండి.

జవాబు 3
వడ్డన సంగతి. ఫియస్టా 1936లో వెస్ట్ వర్జీనియాలోని న్యూయెల్‌లో మొదలైంది. పాత ఎరుపు గ్లేజులో యురేనియం ఉండేది, 1943లో ఆపి 1959లో మళ్ళీ తెచ్చారు. పాత గ్లేజుల్లో సీసం కూడా ఉంటుంది, పులుపు దాన్ని కరిగించి లాగుతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెట్టం కదా, ఇదీ అంతే. పులిహోర, పప్పుచారు, నిమ్మకాయ పచ్చడి వీటిలో వద్దు. మైక్రోవేవ్ అసలే వద్దు. అరలో పెట్టుకుని చూసుకోండి, పెచ్చు ఊడినదాన్ని పిల్లలకు అందనివ్వకండి.

తినడానికే కావాలంటే 1986 తర్వాతి ఫియస్టా కొనండి, సీసం లేదు. పళ్ళెం తిప్పితే తేడా తెలుస్తుంది: పాతవాటికి సాధారణంగా అడుగంతా గ్లేజు, కొలిమిలో ఆనించిన మూడు చిన్న మేకుల మచ్చలు. కొత్తవాటికి కింది వలయం గ్లేజు లేకుండా పొడిగా ఉంటుంది.

జవాబు 1 (మళ్ళీ)
ఒకటి మర్చిపోయాను. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బు కట్టకముందే రెండు పెట్టెల ప్యాకింగ్ అడగండి: పెట్టెలో పెట్టె, మధ్య అన్నివైపులా రెండు మూడు అంగుళాల మెత్త. వేజ్ లోపల కూడా కాగితం వదులుగా నింపాలి. బిగించి కుక్కితే దారిలో మెడ దగ్గర విరుగుతుంది.