జెట్ హోరుకు మూలం సుడి వలయాలేనా?

గంటస్తంభం (విజయనగరం):
భోగాపురం ఎయిర్‌పోర్టుకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మా చుట్టాల ఊళ్లలో భూముల తర్వాత ఎక్కువగా వినిపించే మాట విమానాల చప్పుడు. అది ఎలా పుడుతుందో ఇక్కడ తేల్చుకుందాం. నాజిల్‌లోంచి, అంటే ఇంజన్ వెనక మూతిలోంచి, దూసుకొచ్చే గాలిధారనే జెట్ అంటారు. అది బయటి నిలకడ గాలిని ఒరుసుకుంటుంది. ఆ పొర చుట్టుకుపోయి సుడి వలయాలుగా మారుతుంది. వెనక వలయం ముందుదాన్ని అందుకుంటుంది, రెండూ కలిసిపోతాయి. శబ్దం పుట్టేది ఆ కలయికలోనే అని నా వాదన. జెట్‌లో ఇలాంటి క్రమం ఉందని 1971లోనే క్రో, షాంపేన్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించారు. కాబట్టి నాజిల్ అంచున రంపపు పళ్లు పెట్టి ఆ వలయాలను చెడగొట్టాలి. బోయింగ్ 787 ఇంజన్ల వెనక ఉన్నవి అవే. మనకు అలాంటి విమానాలే రావాలని అడగాలి.

నాగావళి (శ్రీకాకుళం):
సుడులున్నాయి మాస్టారూ, కాదనను. కలయికే హోరంటేనే ఒప్పుకోను. ఆ ప్రయోగాల్లో జెట్ వేగం తక్కువ, పైగా లౌడ్‌స్పీకర్‌తో లయ ఇచ్చి జెట్‌ను కదిపారు. అసలు ఇంజన్‌లో గాలి నాజిల్ దాటేసరికే అల్లకల్లోలంగా ఉంటుంది. ప్రయోగాల్లో పొగ వదిలితే కనిపించే చక్కటి వలయాలు అక్కడ ఉండవు. వరసగా వలయాలు కలవడమే కారణమైతే ఒకటి రెండు స్వరాలు కొట్టొచ్చినట్టు వినపడాలి. టేకాఫ్‌లో మనం వినేది అన్ని స్థాయిలూ కలిసిన హోరు.

అసలు లెక్క 1952లో లైట్‌హిల్ అనే శాస్త్రవేత్త వేశారు. ధ్వనివేగం కన్నా తక్కువ వేగంతో వెళ్లే జెట్ వెదజల్లే శబ్దశక్తి, జెట్ వేగం ఎనిమిదో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. వేగం సగం చేస్తే శబ్దశక్తి 256వ వంతుకు పడిపోతుంది, అంటే దాదాపు 24 డెసిబెల్స్ తగ్గుదల! అందుకే పెద్ద ఫ్యాన్ పెట్టి, ఎక్కువ గాలిని నెమ్మదిగా తోసే హై బైపాస్ ఇంజన్లు వచ్చాయి. ఎయిర్‌బస్ వాళ్ల కొత్త రకం ఎ320నియోకి పళ్లు లేవు, అయినా పాత ఎ320 కన్నా చప్పుడు తక్కువ. పళ్లు పనికిరావని కాదు. అవి గాలిని త్వరగా కలిపి బొంగురు శబ్దాన్ని తగ్గిస్తాయి, నాజిల్ దగ్గర సన్న శబ్దాన్ని కొంత పెంచుతాయి కూడా.

గంటస్తంభం:
మరి ధ్వనివేగాన్ని మించే సూపర్‌సానిక్ జెట్ సంగతి? 1953లో పావెల్ అనే పరిశోధకుడు వివరించిన కీచు శబ్దం చూడండి. సుడులు షాక్‌లను, అంటే గాలి ఒత్తిడి ఒక్కసారిగా మారే పొరలను, దాటేటప్పుడు శబ్దం పుట్టి వెనక్కి వెళుతుంది, నాజిల్ అంచును తట్టి కొత్త సుడిని లేపుతుంది. అచ్చంగా క్రమమే కదా!

నాగావళి:
అక్కడ మీ మాటే నిజం. ఆ కీచు సుడులు లేకుండా పుట్టదు. అయితే అది షాక్‌లున్న జెట్‌కు, అంటే ఫైటర్లకూ రాకెట్లకూ సంబంధించిన విషయం. ఇవాళ్టి ప్యాసింజర్ విమానం టేకాఫ్‌లో ఫ్యాన్ ఒత్తిడి షాక్‌లు వచ్చేంత ఉండదు. మామూలు జెట్‌లో కూడా పెద్ద సుడులకు పాత్ర ఉంది. అవి బారుగా సాగే అలల గుంపులా ప్రయాణిస్తూ పెరిగి, తరిగి, ధ్వనిని వదులుతాయని నేటి పరిశోధకుల్లో చాలామంది మాట. వలయాలు కలిసిపోవడం దాంట్లో ఒక భాగం మాత్రమే.

చంపావతి (భోగాపురం దగ్గర):
ఏటండీ, మీ వాదనంతా చదివాను. దిగేటప్పుడు ఇంజన్ తగ్గించేస్తారు కదా, అప్పుడూ మోత ఎందుకుంటుంది? మాకు ఎక్కువ బాధ ఎప్పుడు?

నాగావళి:
దిగేటప్పుడు చప్పుడు చాలావరకు ఫ్యాన్‌దీ, రెక్కల వెనక చాచిన ఫ్లాప్‌లనే పలకలదీ, చక్రాలదీనండీ. జెట్‌ది తక్కువ. ఎగిరేటప్పుడు జెట్ పాత్ర పెరుగుతుంది. జెట్ హోరు అన్ని వైపులా సమానంగా పోదు. ఇంజన్ వెనక, గాలి దూసుకెళ్లే దారికి సుమారు 30 డిగ్రీల పక్కన బాగా గట్టిగా ఉంటుంది. కాబట్టి పరుగు మొదలుపెట్టే చివరకు వెనక ఉన్న ఊళ్లకు ఎక్కువ మోత. మీ ఊరు ఏ చివర ఉందో చూసుకుని, రాత్రిపూట టేకాఫ్‌లు ఏ దిక్కుకు ఉంటాయో లిఖితపూర్వకంగా అడగండి. ఇళ్ల ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ అంకెలు కూడా అర్జీలో రాయండి.

గంటస్తంభం:
పళ్లున్న నాజిల్ విషయంలో నా పట్టు వదలను. బోయింగ్ 737 మ్యాక్స్‌కి బైపాస్ పెంచాక కూడా వాటిని పెట్టారు. చంపావతి గారూ, అర్జీ మీరు రాయండి, కలెక్టరేట్‌కు నేను తీసుకెళ్తాను.