లైడెన్ అక్టోబర్ 3 పండుగ: హుట్స్‌పాట్‌లో బంగాళాదుంప వేయాలా, పార్స్‌నిప్ వేయాలా?

కాలువగట్టు: 1574 అక్టోబర్ 3న స్పెయిన్ సైన్యం నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఊరి ముట్టడి వదిలి పారిపోయింది. లామెన్‌స్ఖాన్స్ కోటలో వాళ్లు వదిలేసిన కూర కుండ ఒక కుర్రాడికి దొరికిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కుండేనంటూ లాకెన్‌హాల్ మ్యూజియంలో ఒకటి పెట్టారు కూడా. హుట్స్‌పాట్, అంటే క్యారట్, ఉల్లి, దుంపలు ఉడికించి మెదిపిన కూర, వండేది ఆ కుండ గుర్తుగానే. అప్పటికి డచ్చివాళ్ల పొయ్యి మీదకు బంగాళాదుంప రాలేదు. కాబట్టి ఈ ఒక్క రోజైనా తెల్ల క్యారట్‌లా ఉండే పార్స్‌నిప్‌తోనే వండాలి. నలుగురికి పార్స్‌నిప్ కిలో, క్యారట్ అరకిలో, ఉల్లి పావుకిలో సరిపోతాయి.

పప్పుగుత్తి: ఒప్పుకోనండీ. పండుగంటే ఊరు ఇప్పుడు తినేది. లైడెన్ ఇళ్లలో ఆ రోజు ఉడికేది బంగాళాదుంపే. పైగా పార్స్‌నిప్‌లో పిండిపదార్థం తక్కువ, మెదిపితే నీళ్లు వదులుతుంది. నలుగురికి దుంపలు కిలో, లావుపాటి చలికాలపు క్యారట్ కిలో, ఉల్లి అరకిలో తీసుకోండి. లేత క్యారట్ కట్టలు వద్దు, తీపెక్కి నీరవుతాయి. సంచి మీద ‘క్రౌమిఖ్’ (ఉడికితే పిండిలా విడిపోయే రకం) అని ఉన్న దుంపలే కొనాలి. గట్టిగా నిలిచే రకమైతే మెదిపినా ఉండలుండలుగానే ఉంటుంది. క్యారట్ ఆలస్యంగా ఉడుకుతుంది కాబట్టి సన్నగా తరిగి అడుగున వేయాలి. పది నిమిషాలయ్యాక దుంప, ఉల్లి వేసి మరో ఇరవై నిమిషాలు. నీళ్లు సగం మునిగేంత చాలు. వార్చాక గిన్నెను మళ్లీ సన్న సెగ మీద రెండు నిమిషాలు ఉంచి ఆవిరి పోనివ్వాలి. చాలామంది ఇదే వదిలేస్తారు, అందుకే జావలా తయారవుతుంది. మిక్సీ అసలు వద్దు: పిండి బయటపడి బంకలా సాగుతుంది. చేత్తో మెదిపి, వెన్న, మిరియాల పొడి కలిపితే చాలు.

శాకపాకం: ఇద్దరూ మాంసం సంగతి ఎత్తలేదు. పక్కన వడ్డించే క్లాప్‌స్టుక్ గొడ్డు మాంసం. బిర్యానీ ఆకు వేసి మూడు గంటలు సన్న సెగ మీద ఉడికిస్తారు, కొందరు ఆ రసంలోనే కూరలూ ఉడికిస్తారు. అంటే పళ్లెంలో ముక్క తీసి పక్కన పెట్టినంత మాత్రాన శాకాహారం అయిపోదు. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే ముందే అడగండి.

పప్పుగుత్తి: నిజమే, అది చెప్పాల్సింది. ఇంట్లో వండుకుంటే ఆ రసం బదులు ఉల్లిని వెన్నలో ఎర్రగా వేయించి కలపండి, లోటు తెలియదు. పండుగ పొద్దున డె వాఖ్ అనే పాత తూకాల భవనం దగ్గర పంచే హెర్రింగ్ కూడా వండిన చేప కాదు, ఉప్పులో ఊరిన పచ్చిది. ముట్టడిలో మాడిన జనానికి పడవలవాళ్లు తెచ్చిన హెర్రింగ్, తెల్ల బ్రెడ్ జ్ఞాపకంగా అది ఇస్తారు.

కాలువగట్టు: నీరు వదిలే మాట నిజమే. పార్స్‌నిప్ నడిమి పీచు తీసేసి, ఉడికించకుండా ఓవెన్‌లో కాల్చి మెదిపితే ఆ ఇబ్బంది ఉండదు. నా మాట మాత్రం అదే: కుండ కథ చెప్పుకుంటూ, ఆ కాలంలో లేని దుంపతో కుండ నింపడం నాకు నచ్చదు.

శాకపాకం: వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. అక్టోబర్ 3 ఆదివారం పడితే పండుగ సోమవారం 4కు మారుతుంది, 2021లో అలాగే చేశారు. తేదీ చూసుకుని టికెట్ తీసుకోండి.