జనన నమోదుల్లోని వివరాలు ఎంతవరకు సరైనవో తేల్చడం ఎలా?

ప్రశ్న:
తక్కువ బరువుతో పుట్టే పిల్లల మీద అధ్యయనానికి మా జిల్లా జనన నమోదులను వాడుకోవాలనుకుంటున్నాను. పోర్టల్‌లోని కొన్ని నమోదులను ఆసుపత్రి కాన్పుల రిజిస్టరుతో పోల్చి చూస్తే దాదాపు అన్నీ సరిపోయాయి. ఈ పరిశీలన చాలునంటారా?

జవాబు 1:
చాలదండి. పోర్టల్‌లోని వివరాలు ఆ రిజిస్టరు చూసి ఎక్కించినవే అయితే, రిజిస్టరులోని తప్పు కూడా చక్కగా సరిపోతుంది. జనన నివేదిక ఫారంలో చట్టపరమైన భాగం, గణాంక భాగం అని రెండుంటాయి. తేదీయో తల్లి పేరో తప్పుపడితే ధ్రువపత్రం చేతికి రాగానే ఇంటివాళ్లు కార్యాలయానికి పరుగెత్తుతారు గానీ, బరువు, గర్భం నిండిన వారాలు గణాంక భాగంలోనే ఉండిపోతాయి కాబట్టి వాటిని సరిచూసే నాథుడు ఉండడు. మీకు కావలసినవి సరిగ్గా అవే.

ముందు బరువులను వరుసగా పేర్చి చూడండి. 2.5, 3.0 కిలోల దగ్గర కుప్పపడి, 2.4, 2.6 దగ్గర పలచబడితే, తూకంలో వచ్చిన అంకెను గుండు అంకెకు సర్ది రాశారని అనుమానించాలి. 2,500 గ్రాములకు లోపు ఉన్నవారినే తక్కువ బరువు పిల్లలంటాం కనుక, 2,460 గ్రాముల బిడ్డకు 2.5 అని రాస్తే ఆ బిడ్డ మీ లెక్కలోంచి జారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి అసలు నమోదే కాని జననాల సంగతి? వాటిని ఎలా పట్టుకోవాలి?

జవాబు 2:
దానికి చంద్రశేఖరన్, డెమింగ్ అనే గణాంక నిపుణులు 1949లో ప్రతిపాదించిన పద్ధతి ఉంది. కలకత్తా దగ్గరి సింగూరులో నమోదైన జననాలను, ఇంటింటి సర్వేలో తేలిన జననాలతో జతపరచి, రెండింటికీ అందకుండా పోయినవి ఎన్నో వారు అంచనా కట్టారు. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారైతేనే ఆ లెక్క నిలుస్తుంది. ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాలను లెక్కించే మన దేశంలోని నమూనా నమోదు విధానంలోనూ (ఎస్ఆర్ఎస్) గణకుడు రాసుకున్నదాన్ని, సూపర్‌వైజరు విడిగా చేసిన అర్ధవార్షిక సర్వేతో జతపరుస్తారు.

మన దగ్గర ఇంకొక చిక్కుంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, జననం జరిగిన చోటే నమోదవుతుంది. అత్తవారి ఊరి ఏఎన్ఎం రిజిస్టరులో ఉన్న బిడ్డ ఆ మండలం జాబితాలో కనిపించకపోతే, అది నమోదు కాని జననమని తొందరపడకూడదు. నమోదు నాటికి బిడ్డకు పేరు పెట్టి ఉండకపోవచ్చు కనుక తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నవాటితో జతపరచండి. ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, మరొకచోట అత్తింటిది ఉండవచ్చు. జత కలవని ప్రతి పేరునూ ఇంటికి వెళ్లి అడిగి తేల్చుకున్నాకే లెక్కలోకి తీసుకోండి.