కాలేజీ ల్యాబ్‌కి సొంత లైవ్ ఐఎస్‌ఓ చేసుకోవాలా, దొరికేదే వాడుకోవాలా?

నరసన్నపేట మాస్టారు

మాది ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ల్యాబ్‌లో ఇరవై డెస్క్‌టాప్‌లు, అన్నీ 4 జీబీ ర్యామ్‌వే. సగం వాటికి హార్డ్ డిస్కులు పోయాయి, మిగతావి రేపోమాపో అన్నట్టున్నాయి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలంటుంది, వీటిలో లేదు. కొత్తవి కొనే ఉద్దేశం యాజమాన్యానికి లేదు. అందుకే ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్‌ని లైవ్‌గా, అంటే హార్డ్ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడుపుదామనుకుంటున్నాను. పిల్లలకి కావలసింది జీసీసీ (సీ కంపైలర్), పైథాన్, జీనీ (కోడ్ రాసే ఎడిటర్), లిబ్రేఆఫీస్, తెలుగు టైపింగ్. ఇవన్నీ ముందే కూర్చిన సొంత ఐఎస్‌ఓ (పెన్‌డ్రైవ్‌కి రాసే, సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైల్) తయారు చేసుకోమని ఒకరు, ఆ జోలికి పోవద్దని ఇంకొకరు అంటున్నారు. కారణాలతో చెప్పండి.

బొబ్బిలి కుర్రాడు

ఇందులో తర్జనభర్జన ఎందుకు మాస్టారూ? ఉబుంటులో నడిచే క్యూబిక్ అని ఓ టూల్ ఉంది. దానికి జుబుంటు (ఉబుంటులోనే తేలిక రకం) ఐఎస్‌ఓ ఇస్తే, అందులో సిస్టమ్ అంతటినీ కుదించి పెట్టిన స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌ని విప్పి, ఆ సిస్టమ్ లోపలే టెర్మినల్ తెరుస్తుంది. కావలసినవి ఆప్ట్ అనే కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసి, అక్కర్లేనివి తీసేసి, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే మళ్ళీ కుదించి కొత్త ఐఎస్‌ఓ చేతిలో పెడుతుంది. ఓ సాయంత్రం పని. ఇరవై పెన్‌డ్రైవ్‌లకీ అదే రాస్తే ఇరవై సిస్టమ్‌లూ ఒకేలా లేస్తాయి. "సార్, నా దాంట్లో ఫాంట్ లేదు" అనే గోల ఉండదు.

చీపురుపల్లి నెట్ సెంటర్

తమ్ముడూ, చేయడం సులువే. ఆర్నెల్ల తర్వాత సంగతి చెప్పవేం? ఐఎస్‌ఓ చేసిన రోజున బ్రౌజర్ ఏ వెర్షన్‌లో ఉందో అక్కడే ఉండిపోతుంది. లైవ్‌లో అప్‌డేట్ చేసినా రీబూట్‌తో పోతుంది. పిల్లలు స్కాలర్‌షిప్ లాగిన్లు, హాల్‌టికెట్లు, ఫీజులు అన్నీ ఆ పాత బ్రౌజర్‌లోనే కానిస్తారు. పైగా ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీగా వస్తోంది. క్యూబిక్ టెర్మినల్‌లో స్నాప్ సర్వీసు నడవదు కాబట్టి, మొజిల్లా సొంత రిపాజిటరీ నుంచి ఆప్ట్‌కి పనికొచ్చే డెబ్ ప్యాకేజీ తెచ్చుకోవాలి. ఈ సంగతి నువ్వు చెప్పలేదు.

నా పద్ధతి వేరు. పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ (ఐఎస్‌ఓని కాపీ చేస్తే చాలు, దాన్నే బూట్ చేసే టూల్) వేసి, డెబియన్, మింట్ లాంటి లినక్స్‌ల వాళ్ళు ఇచ్చిన ఐఎస్‌ఓని ఉన్నదున్నట్టు కాపీ చేస్తాను. దానికి పెర్సిస్టెన్స్ ఫైల్ ఒకటి జతచేస్తే ఇన్‌స్టాల్ చేసినవి, అప్‌డేట్లు అందులో నిలుస్తాయి. అసలు ఐఎస్‌ఓకి వాళ్ళ డిజిటల్ సంతకం, ఫైల్ మారలేదని సరిచూసుకునే చెక్‌సమ్ ఉంటాయి. నువ్వు చేసినదాన్ని దేనితో సరిచూసుకోవాలి?

పలాస ఇన్వర్టర్

పెర్సిస్టెన్స్ అంటున్నారు, మరి కరెంటో? తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న మా పలాస దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల సంగతి పక్కన పెట్టండి, మామూలు రోజుల్లోనూ లైను ఎప్పుడు పోతుందో చెప్పలేం. ప్రతి సిస్టమ్‌కీ యూపీఎస్ ఉంటుందా? పెన్‌డ్రైవ్ మీదకి రాస్తుండగా కరెంటు పోతే ఆ పెర్సిస్టెన్స్ ఫైల్ పాడవచ్చు. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ చదవడానికే తప్ప రాయడానికి కుదరదు, అందుకే దానికేమీ కాదు. కరెంటు వచ్చాక బటన్ నొక్కితే మళ్ళీ ఎప్పటిలాగే లేస్తుంది. ల్యాబ్‌కి లైవ్ ఎందుకు మంచిదంటే ఇందుకే. పెర్సిస్టెన్స్ పెట్టామంటే ఆ లాభం కాస్తా పోయినట్టే.

ఎచ్చెర్ల సీఎస్‌ఈ

పలాస అన్నయ్య మాటకి ఒకటి కలుపుతాను. చీపురుపల్లి అన్నయ్యా, మీ పద్ధతిలో ఐఎస్‌ఓ మార్చిన రోజున అసలు తలనొప్పి మొదలవుతుంది. పెర్సిస్టెన్స్ ఫైల్‌లో పాత ప్యాకేజీల జాబితా, పాత లైబ్రరీలు ఉంటాయి. కింద కొత్త సిస్టమ్, పైన పాత పొర. ఆప్ట్ దేన్ని నమ్మాలో తెలియక తికమకపడుతుంది. అంటే ప్రతిసారీ ఆ ఫైల్ కూడా మొదటి నుంచి చేసుకోవాలి, ఇరవైకీ.

అలాగని నేను క్యూబిక్ పక్షం కాదు. టెర్మినల్‌లో ఏం చేశామో ఎక్కడా రాసి ఉండదు. వచ్చే సంవత్సరం మళ్ళీ చేయాలంటే గుర్తు తెచ్చుకోవాలి. డెబియన్ వాళ్ళ లైవ్-బిల్డ్ చూడండి మాస్టారూ. ప్యాకేజీల పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాస్తాం. సెట్టింగులు, వాల్‌పేపరు లాంటివి ఒక ఫోల్డర్‌లో పెడతాం. చివర్లో నడవాల్సిన చిన్న స్క్రిప్టులు ఇంకో ఫోల్డర్‌లో. ఆ తర్వాత ఎల్‌బీ కాన్ఫిగ్, ఎల్‌బీ బిల్డ్ అని రెండు కమాండ్లు. అది నెట్ నుంచి ఆ రోజుకున్న తాజా ప్యాకేజీలు తెచ్చి ఐఎస్‌ఓ కడుతుంది. నెలకోసారి రాత్రి నడిపించి పెడితే పాత బ్రౌజర్ అన్న మాటే ఉండదు. దాచుకోవాల్సింది ఆ ఫోల్డర్‌ని. ఐఎస్‌ఓ పోయినా బాధలేదు.

ముందు మీవి 64-బిట్ ప్రాసెసర్లేనా చూసుకోండి. 2025లో వచ్చిన డెబియన్ 13కి 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు, డెబియన్ 12 దగ్గర ఆగాలి.

బొబ్బిలి కుర్రాడు

అంత కష్టం దేనికి? ఎంఎక్స్ లినక్స్‌లో స్నాప్‌షాట్ అని ఉంది. ఒక సిస్టమ్‌లో నచ్చినట్టు సర్దుకుని బటన్ నొక్కితే ఐఎస్‌ఓ అయిపోతుంది.

ఎచ్చెర్ల సీఎస్‌ఈ

అదే భయం. వాడుతున్న సిస్టమ్‌ని ఐఎస్‌ఓ చేస్తే అందులో ఏమేం వెళ్తాయో గమనించావా? నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్‌లో వైఫై పాస్‌వర్డ్ సాదా అక్షరాల్లోనే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్లో దాచిన లాగిన్లు ఉంటాయి. వేరే సిస్టమ్‌లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలు ఉంటాయి. ఆ టూల్‌లో అకౌంట్లు రీసెట్ చేసే ఆప్షన్ ఉంది నిజమే, దాన్ని టిక్ చేయడం మర్చిపోతే ప్రిన్సిపాల్ గారి మెయిల్‌తో సహా పిల్లల ఇళ్ళకి చేరుతుంది. పిల్లలు కాపీ చేసుకోకుండా ఉంటారా!

ఇజీనారం పాతకాపు

ఈ గొడవ కొత్తదేం కాదు. 2000లో క్లౌస్ క్నోపర్ అనే జర్మన్ ఆయన క్నాపిక్స్ అనే లైవ్ లినక్స్ సీడీ తెచ్చినప్పుడు, 700 ఎంబీ సీడీలో దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేర్ కుదించి పెట్టాడు. అప్పుడూ ప్రతివాడూ దాన్ని విప్పి తన సొంత సీడీ చేసుకున్నవాడే. వాటిలో ఎన్ని మిగిలాయో మీకే తెలుసు.

మాస్టారూ, అసలు ఇరవై పెన్‌డ్రైవ్‌లెందుకు? అవి పోతాయి, జేబుల్లోకి వెళ్ళిపోతాయి. చౌకవి అయితే చదివే వేగం కూడా ఉండదు. ఒక సిస్టమ్‌ని సర్వర్ చేసి మిగతావాటిని నెట్‌వర్క్ మీద బూట్ చేయించండి. డెబియన్ లైవ్‌కి అది చేతనవును.

చీపురుపల్లి నెట్ సెంటర్

పెద్దాయనా, ల్యాబ్‌లో స్విచ్ ఏదో అడిగారా? 100 ఎంబీపీఎస్ స్విచ్ అయితే ఒకటిన్నర జీబీ స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌ని ఒక సిస్టమ్ ర్యామ్‌లోకి దించడానికే రెండు నిమిషాలు. ఇరవైమంది ఒకేసారి ఆన్ చేస్తే నలభై నిమిషాలు. పీరియడ్ అయిపోతుంది. పైగా 4 జీబీ ర్యామ్‌లో ఒకటిన్నర దానికే పోతే మిగిలేదేంటి?

ఇజీనారం పాతకాపు

మొత్తం ర్యామ్‌లోకి దించమని ఎవరన్నారయ్యా? ఎన్‌ఎఫ్‌ఎస్ మీద, అంటే నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్‌గా పెడితే అవసరమైన ముక్కే చదువుకుంటుంది. స్విచ్ మాత్రం గిగాబిట్‌ది కొనాల్సిందే, అది ఒప్పుకుంటాను. ఇరవై మంచి పెన్‌డ్రైవ్‌ల ఖర్చుతో పోల్చి చూసుకోండి.

నరసన్నపేట మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. స్విచ్ 100దే, కాబట్టి ఈ ఏడాదికి పెన్‌డ్రైవ్‌లే. పలాస బాబు చెప్పిన కరెంటు మాట నాకు బాగా పట్టింది, పెర్సిస్టెన్స్ వద్దు. లైవ్-బిల్డ్‌తో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టి చూస్తాను. తెలుగు కోసం కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ చాలు, ఫాంట్లు పోతన, వేమన, లోహిత్. పిల్లల ఫైళ్ళు ఎక్కడ దాచాలన్నదే మిగిలింది.

ఎచ్చెర్ల సీఎస్‌ఈ

హార్డ్ డిస్క్ బాగున్న ఒక సిస్టమ్‌లో సాంబా షేర్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్) పెట్టండి మాస్టారూ. లైవ్‌లో రాసేదంతా ర్యామ్‌లోకే వెళ్తుంది, మామూలుగా అందులో సగం దాకానే ఇస్తుంది. ఎవరైనా సినిమా డౌన్‌లోడ్ చేస్తే సిస్టమ్ బిగుసుకుపోతుంది, ముందే చెప్పి ఉంచండి. కుదింపు ఎక్స్‌జెడ్ అనే పద్ధతిలో చేస్తే ఐఎస్‌ఓ చిన్నదవుతుంది గానీ, పాత ప్రాసెసర్ మీద విప్పడానికి టైం పడుతుంది. రెండు రకాలుగా చేసి మీ దగ్గరే కొలిచి చూడండి.

చీపురుపల్లి నెట్ సెంటర్

నా మాట నేను మార్చుకోను. మాస్టారు రేపు వేరే కాలేజీకి వెళ్ళిపోతే ఆ ఫోల్డర్ తెరిచేవాడు ఉండాలి కదా? నేను చెప్పిన పద్ధతి అటెండర్‌కి నేర్పినా చేస్తాడు.

నరసన్నపేట మాస్టారు

న్యాయమైన ప్రశ్నే. ఫైనలియర్ పిల్లల్లో ఇద్దరికి దీన్నే ప్రాజెక్టుగా ఇస్తున్నాను, ఏటా జూనియర్లకి అప్పగించి వెళ్ళాలన్నది షరతు. మీ వెంటాయ్ పెన్‌డ్రైవ్ కూడా ఒకటి ఆఫీసు బీరువాలో ఉంచుతాను లెండి.