నలోకమా, నాలోకమా?

మిణుగురు: జపనీస్-అమెరికన్ శిల్పి నోగుచి చేసిన దీపాల గురించి వ్యాసం రాస్తున్నాను. శీర్షికకి గజేంద్రమోక్షంలో ముక్క కావాలి. ‘తుది నాలోకంబగు పెంజీకటి కవ్వల’ అని నోట్లో ఆడుతోంది. ‘నలోకం’ ఏమోనని అనుమానం. ఏది సరి?

కందప్రియ: నలోకమే. పద్యం ఇదీ: ‘లోకంబులు లోకేశులు / లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్.’ తుదిన్+అలోకంబు. ‘నా’ అని సాగదీస్తే మూడో గణంలో ఒక మాత్ర ఎక్కువై కందం చెడుతుంది.

పాతనిఘంటువు: గణం సరే, అర్థం సంగతేంటి? అందరూ ‘లోకాలు లేనిది’ అని ఊరుకుంటారు. లోక్ ధాతువుకి చూడటమనే అర్థముంది. నా లెక్కన అలోకమంటే చూపు ఆననిది. పెంజీకటికి అప్పుడే బలం.

కందప్రియ: లోకంబులు, లోకేశులు, లోకస్థులు వరసగా తెగాక మిగిలింది అలోకం. ధాతువుదాకా తవ్వక్కర్లేదండీ.

గాజుబుడ్డి: చూపు ఆననిదంటే ఆ పద్యం నప్పేది డెన్మార్క్ డిజైనర్ హెన్నింగ్‌సెన్ చేసిన ఆర్టిచోక్ అనే వేలాడే దీపానికి. 1958లో కోపెన్‌హాగెన్‌లోని లాంగెలినీ పెవిలియన్ కోసం చేశాడు. 12 వరసల్లో 72 రేకులు. ఏ మూల నిలబడినా బల్బు కంటబడదు, రేకుల మీద పడిన కాంతే కనిపిస్తుంది.

మిణుగురు: 72 రేకులు ‘ఏకాకృతి’ ఎలా అవుతాయి? 1951లో జపాన్‌లోని గిఫు వెళ్లాక నోగుచి మొదలుపెట్టిన అకారి కాగితపు దీపాలు చూడండి. లోపల వెదురు చుట్లు, పైన మల్బరీ బెరడు కాగితం, అంతే. స్విచ్ వేస్తే కాగితం మొత్తం ఒక్కటిగా వెలుగుతుంది. వెదురు మాత్రం సన్నటి గీతల్లా తేలుతుంది.

గాజుబుడ్డి: వేరువేరు రేకులు కలిసి ఒక రూపు కట్టడమూ ఏకాకృతే. అన్నట్టు వెలుగంటే కంచె కూడా. బల్బు చుట్టూ రేకులతో ఆయన కట్టింది వెలుగే కదా!

కందప్రియ: ఆ శ్లేష ఇక్కడ కుదరదు. పద్యంలో వెలుగు క్రియ, ‘ఎవ్వండు వెలుగున్’ అని అన్వయం. ఆ పాదంలో యతి గమనించారా? ఎవ్వండు+ఏకాకృతి, అతనిన్+ఏ. ఏకి ఏ, స్వరయతి. కాబట్టి ఆ ‘నే’ మన నేను కాదు, దాని పాత రూపం ఏను.

పాతనిఘంటువు: యతి బాగా పట్టారు. కానీ ఒకే మాటని తిప్పి తిప్పి కొత్త పని చేయించడం పోతనగారికి అలవాటు. అక్కడే ‘ఎవ్వనిచే జనించు’ చదవండి. ఎవ్వనిచే, ఎవ్వనిలోపల, ఎవ్వనియందు! లోకం కూడా అలాగే తిరిగింది.

కందప్రియ: అక్కడ మారింది విభక్తి. ఎవ్వడు మారలేదు, అర్థమూ మారలేదు. అది నా వైపు సాక్ష్యం.

మిణుగురు: ‘పెంజీకటి కవ్వల’ అని పెట్టేస్తున్నాను. చీకటికి అరసున్న ఉంచాలా?

పాతనిఘంటువు: అక్కర్లేదు.

కందప్రియ: ఉంచాల్సిందే. వెలుఁగుకీ ఉంది.